అమెరికాలో హెచ్‌ఐవీ మందు అందరికీ ఒకటే, అందే తీరే వేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇందులో ఎక్కువ భాగం అమెరికా గురించే. వలస వచ్చిన తెలుగువాళ్ళకి పనికొచ్చేవి విడిగా రాశాను, చివర్లో గల్ఫ్ గురించి కూడా ఉంది. వీసా, ఇన్సూరెన్స్ రూల్స్ ఈమధ్య తరచూ మారుతున్నాయి, అందుకని ఏదైనా ఫారం మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌నో, క్లినిక్‌లో కాగితాల పని చూసిపెట్టే కేస్ మేనేజర్‌నో అడిగి చూసుకోండి. ఆ రూల్స్ తేలేదాకా మందు మాత్రం ఆపొద్దు.

మందు ఒకటే కదా, మరి తేడా ఎక్కడ వస్తోంది?

మాత్రలో తేడా ఏమీ లేదు. రోజుకి ఒక్క మాత్ర, మానకుండా వేసుకుంటే చాలామందికి ఆరు నెలల్లోపే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోతుంది, త్వరగా మొదలుపెట్టినవాళ్ళు దాదాపు మిగతావాళ్ళంత కాలమూ బతుకుతారు. తేడా అంతా ఆ మాత్ర నోట్లో పడేలోపు జరిగేవాటిలో ఉంది. పరీక్ష చేయించుకోవాలని తట్టాలి, డాక్టర్ దొరకాలి, బిల్లు ఎవరు కడతారో తేలాలి, మనం చెప్పేది వాళ్ళకి అర్థం కావాలి, క్లినిక్‌కి వెళ్ళిన రోజు కూలి పోయినా ఫర్వాలేదనుకునే పరిస్థితి ఉండాలి, ఉద్యోగం పోయినా ఊరు మారినా మందు ఆగకూడదు. ఇందులో ఎక్కడ తెగినా వైరస్ మళ్ళీ పెరుగుతుంది.

అమెరికాలో సుమారు 12 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉంది. వాళ్ళలో నూటికి 13 మందికి ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్ళలో కూడా వైరస్ అదుపులో ఉన్నది దాదాపు మూడింట రెండు వంతుల మందికే. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ర్యాన్ వైట్ అనే ఫెడరల్ కార్యక్రమం కింద వైద్యం పొందేవాళ్ళలో ముప్పావు వంతుకు దగ్గరగా శ్వేతజాతికి చెందనివాళ్ళే, సగానికి పైగా పేదరిక రేఖ కింద ఉన్నవాళ్ళే. అయినా వాళ్ళలో దాదాపు 90 శాతం మందికి వైరస్ అదుపులో ఉంది. 2010లో అదే కార్యక్రమంలో ఇది 70 శాతం కూడా లేదు. "చదువు లేనివాళ్ళు, మందులు సరిగ్గా వేసుకోరు" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే వాళ్ళకి ఈ లెక్క చూపించండి. డాక్టరు, మందు, రాను పోను ఖర్చు, అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మనిషి, ఇవన్నీ ఒకేచోట దొరికితే పేదవాళ్ళు కూడా శుభ్రంగా మందులు వేసుకుంటున్నారు.

నల్లజాతివాళ్ళలో, లాటినోల్లో కేసులు ఎక్కువంటారు. వాళ్ళ అలవాట్ల వల్లేనా?

మన ఇళ్ళలో ఈ ప్రశ్న అడిగే తీరులోనే జవాబు ఉంటుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. జనాభాలో 12 శాతం ఉన్న నల్లజాతివాళ్ళు కొత్త కేసుల్లో నూటికి దాదాపు 40 మంది. అలవాట్లే కారణమా అని పరిశోధకులు చాలాసార్లు చూశారు. నల్లజాతి స్వలింగ సంపర్కుల్లో రిస్క్ తీసుకోవడం శ్వేతజాతివాళ్ళ కంటే ఎక్కువేమీ లేదని తేలింది. చుట్టూ ఉన్నవాళ్ళలో వైద్యం అందక వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, ఎక్కువున్న మనుషులు ఎక్కువైతే, ఒక్కసారి పొరబడినా అంటుకునే అవకాశం పెరుగుతుంది. మూలం అక్కడుంది.

వైద్యం ఎందుకు అందలేదో చూడాలంటే మ్యాప్ ముందు పెట్టుకోండి. కొత్త కేసుల్లో దాదాపు సగం దక్షిణాది రాష్ట్రాల్లోనే వస్తున్నాయి. పేదలకిచ్చే మెడికెయిడ్‌ని విస్తరించని రాష్ట్రాల్లో ఎక్కువ అక్కడివే: టెక్సాస్, జార్జియా, ఫ్లోరిడా, మిసిసిపీ, అలబామా, టెన్నెసీ, సౌత్ కరోలినా. డల్లాస్, అట్లాంటాలలో ఎంతమంది తెలుగువాళ్ళున్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. మనలో చాలామందికి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటుంది గనుక పక్క వీధిలో జరిగేది కనపడదు.

రాకుండా ముందే వేసుకునే మందు, అంటే ప్రెప్, 2012లో వచ్చింది. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం అది అవసరమైన శ్వేతజాతివాళ్ళలో 94 శాతం మందికి డాక్టర్లు రాసిచ్చారు, లాటినోల్లో 24 శాతం మందికి, నల్లజాతివాళ్ళలో 13 శాతం మందికి. అంటే అవసరం ఎక్కువున్నచోటే మందు తక్కువ చేరింది.

దీనికి తోడు అపనమ్మకం. 1932 నుంచి 1972 దాకా అలబామాలోని టస్కిగీలో ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ ఉన్న సుమారు 400 మంది నల్లజాతి మగవాళ్ళని, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పత్రికలో బయటపడేదాకా ఆపలేదు. ఆ ఊళ్ళ మనుషుల పిల్లలు, మనవలు ఇవాళ ఆసుపత్రికి రావడానికి వెనకాడితే దాన్ని అజ్ఞానం అని ఎలా అంటాం?

వలస వచ్చినవాళ్ళ మీద ఈ ముద్ర ఎప్పుడు మొదలైంది?

జబ్బుకి సరిగ్గా పేరు కుదరకముందే మొదలైంది. 1980ల మొదట్లో రిస్క్ ఉన్నవాళ్ళ జాబితాలో స్వలింగ సంపర్కులు, హెరాయిన్ వాడేవాళ్ళు, రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా రోగులతో పాటు, కరీబియన్ దేశమైన హైతీ దేశస్తులనీ చేర్చారు. ఒక దేశంలో పుట్టడమే రిస్క్ అన్నమాట! ఆ ముద్రతో ఎంతోమంది హైతీవాళ్ళు ఉద్యోగాలు, అద్దె ఇళ్ళు పోగొట్టుకున్నారు. 1990లో హైతీవాళ్ళ రక్తం తీసుకోవద్దని మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పినప్పుడు ఏప్రిల్ 20న న్యూయార్క్‌లో వేలకు వేల మంది బ్రూక్లిన్ బ్రిడ్జి మీదుగా ఊరేగింపు తీశారు, ఆ తర్వాతే ఆ నిషేధం పోయింది. హైతీలో సైనిక తిరుగుబాటు జరిగాక పడవల మీద పారిపోయి వచ్చినవాళ్ళలో హెచ్‌ఐవీ ఉన్న రెండు వందల మందికి పైగా మనుషుల్ని, ఆశ్రయం అడిగే హక్కు ఉందని తేలిన తర్వాత కూడా, క్యూబాలో అమెరికా నౌకా స్థావరం ఉన్న గ్వాంటనామోలో కంచె వేసి ఉంచారు. 1993 జూన్‌లో జడ్జి తీర్పిస్తే గానీ వదల్లేదు.

మొత్తం దేశానికే హెచ్‌ఐవీ ఉన్న విదేశీయులు రాకూడదన్న నిషేధం 1987 నుంచి ఉండేది, 1993లో దాన్ని చట్టంలోకే ఎక్కించారు. అది పూర్తిగా పోయింది 2010 జనవరి 4న. అంతకుముందు వచ్చిన తరం "చెబితే పంపించేస్తారు" అన్న భయంతో బతికింది, ఆ భయమే తర్వాత వచ్చినవాళ్ళకీ అంటింది.

గ్రీన్ కార్డు మెడికల్‌లో హెచ్‌ఐవీ టెస్ట్ ఉంటుందా?

ఉండదు. టీబీ, సిఫిలిస్, గనేరియా చూస్తారు. 2010 నుంచి హెచ్‌ఐవీ ఆ జాబితాలో లేదు.

నాకు ఇన్సూరెన్స్ లేదు, స్టేటస్ కూడా పోయింది. మందు దొరుకుతుందా?

చాలా చోట్ల దొరుకుతుంది. ఇందాక చెప్పిన ర్యాన్ వైట్ కార్యక్రమమే దారి. ర్యాన్ వైట్ ఇండియానాకి చెందిన కుర్రాడు, హీమోఫీలియాకి వాడే మందు ద్వారా హెచ్‌ఐవీ సోకింది, బడికి రానివ్వకపోతే పోరాడాడు, 1990 ఏప్రిల్‌లో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో అతని పేరుతో చట్టం వచ్చింది. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి, ఉన్నా చాలనివాళ్ళకి డాక్టర్ ఫీజులు, ల్యాబ్ పరీక్షలు, మందులు దీని కింద ఇస్తారు. మందుల భాగాన్ని ఏడ్యాప్ అంటారు. ఫెడరల్ చట్టంలో దీనికి ఇమిగ్రేషన్ స్టేటస్ షరతు లేదు. మామూలుగా అడిగేవి మూడే: హెచ్‌ఐవీ ఉన్నట్టు రిపోర్టు, ఆ రాష్ట్రంలో ఉంటున్నట్టు ఏదో ఒక కాగితం, ఆదాయం వివరాలు. ఆదాయ పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

చేతికి జీతం నగదుగా వస్తే, పేరు మీద అద్దె అగ్రిమెంట్ లేకపోతే "కాగితాలు లేవు కదా" అని ఊరుకోకండి, ఇలాంటివాళ్ళని ఆ క్లినిక్‌లు రోజూ చూస్తాయి. ఇంటి యజమాని రాసిచ్చిన ఉత్తరంతోనో, సొంతంగా రాసిచ్చిన వాంగ్మూలంతోనో పని జరిగే సందర్భాలుంటాయి. కేస్ మేనేజర్ ఉండేదే అందుకు.

మెడికెయిడ్ సంగతి వేరు. 1996లో వచ్చిన చట్టం వల్ల గ్రీన్ కార్డు వచ్చాక కూడా చాలామంది పెద్దవాళ్ళు ఐదేళ్ళు ఆగాలి, కాగితాలు లేనివాళ్ళకి ఎమర్జెన్సీ వైద్యం తప్ప మరేమీ లేదు. ఐసీయూలో చేరితే ప్రభుత్వం కడుతుంది, ఐసీయూ దాకా పోకుండా ఆపే మాత్రకి కట్టదు. ఈ లెక్క ఎవరు వేశారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డు రాదంటున్నారు. నిజమేనా?

ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్ళనుకుంటే గ్రీన్ కార్డు ఇవ్వకపోవచ్చనే పబ్లిక్ చార్జ్ నిబంధన గురించి ఈ పుకారు. 2020 ఫిబ్రవరిలో దాన్ని బాగా బిగించారు, 2021 మార్చిలో అది పోయింది, 2022లో మెత్తని రూల్ వచ్చింది, 2025లో దాన్నీ తీసేయాలని ప్రతిపాదించారు. 2022 రూల్‌లో చూసేది ప్రధానంగా నగదు సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో సంస్థల్లో దీర్ఘకాలం ఉండటాన్ని. ర్యాన్ వైట్ మందుల్ని అందులో లెక్కపెట్టలేదు. కానీ రూల్ ఎలా ఉన్నా భయం మాత్రం ఒక్కసారి పుడితే పోదు, తమకి వర్తించని రూల్‌కి భయపడి పిల్లల వైద్యం కూడా మానుకున్న కుటుంబాలున్నాయి. మీ కేసుకి ఏది వర్తిస్తుందో లాయర్ని అడగండి, వాట్సాప్ గ్రూపులో అడగొద్దు.

హెచ్-1బీ మీద ఉన్నాను, లేఆఫ్ అయింది. మందు ఆగిపోతుందా?

వీసాకి 60 రోజుల గడువు అందరికీ గుర్తుంటుంది. ఇన్సూరెన్స్ కొన్ని కంపెనీల్లో ఆఖరి పనిరోజుతోనే, కొన్నింటిలో నెలాఖరుకి పోతుందని గుర్తుండదు. అందుకే లేఆఫ్ అని తెలిసిన రోజే హెచ్‌ఆర్‌ని తేదీ అడగండి, రీఫిల్ తెచ్చుకోండి, కుదిరితే డాక్టర్‌తో 90 రోజులకి రాయించుకోండి. తర్వాత కోబ్రా అనే చట్టం కింద పాత ప్లాన్‌నే సొంత డబ్బుతో నడుపుకోవచ్చు, ఖర్చు ఎక్కువ. ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ప్లాన్ కొనడానికి ఉద్యోగ ఇన్సూరెన్స్ పోయాక 60 రోజులు సమయం ఉంటుంది. అయితే 2025లో వచ్చిన చట్టం వల్ల 2027 నుంచి హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఆ ప్లాన్ల మీద సబ్సిడీ ఉండదు. చాలా రాష్ట్రాల ఏడ్యాప్‌లు ప్రీమియం కట్టడానికి కూడా సాయం చేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాళ్ళు అలాంటి క్లినిక్ మెట్లెక్కడానికి నామోషీ పడతారు, పడకండి.

హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం మాత్రం చట్టవిరుద్ధం. లక్షణాలేవీ లేకపోయినా వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది.

మా ఆయన ఇన్సూరెన్స్ మీద ఉన్నాను. టెస్ట్ చేయించుకుంటే ఆయనకి తెలుస్తుందా?

తెలిసే అవకాశం ఉంది. డాక్టర్ చెప్పడు, కానీ ఏ తేదీన ఏ పరీక్షకి ఎంత బిల్లయిందో చూపించే ఈఓబీ కాగితం పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ళకి వెళుతుంది, లేదా వాళ్ళ లాగిన్‌లో కనిపిస్తుంది. డిపెండెంట్ వీసా మీద ఉండి సొంత సంపాదన లేని ఆడవాళ్ళు పరీక్ష వాయిదా వేయడానికి ఇదొక పెద్ద కారణం, గణాంకాల్లో ఇది ఎక్కడా రాదు. దారులున్నాయి. రోగుల గోప్యతని కాపాడే హిపా చట్టం కింద నా కాగితాలు వేరే చిరునామాకి పంపమని ఇన్సూరెన్స్ కంపెనీని అడగొచ్చు, చెబితే మీకు ప్రమాదం ఉంటే ఆ మాట రాసిస్తే వాళ్ళు ఒప్పుకోవాలి. ఇంకా సులువు, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లోనో కమ్యూనిటీ సంస్థలోనో ఇన్సూరెన్స్ వాడకుండా ఉచితంగా చేయించుకోవడం. పాజిటివ్ వస్తే మీ పేరు రాష్ట్ర ఆరోగ్య శాఖకి చేరుతుంది, అది రహస్యంగా ఉంచే ప్రజారోగ్య రికార్డు.

ఇంగ్లీషు అంతగా రాదు. మా అబ్బాయిని తోడు తీసుకెళ్ళనా?

వద్దు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి మీకు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, ఎమర్జెన్సీ అయితే తప్ప పిల్లల చేత అనువాదం చేయించకూడదు కూడా. కొడుకు ముందు ఏ తల్లి, ఏ తండ్రి తమ సంసారం గురించి నిజం చెబుతారు?

తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. మనవాళ్ళ సర్కిల్ చిన్నది. ఇంటర్‌ప్రెటర్‌గా వచ్చిన ఆవిడ పోయిన వారం గుడిలో పులిహోర వడ్డించిన ఆవిడే కావచ్చు. ఆమెకీ గోప్యత నియమం ఉంటుంది, అయినా నోరు పెగలదు. అలాంటప్పుడు ఫోన్‌లో, వేరే రాష్ట్రం నుంచి మాట్లాడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని, మీ పేరు చెప్పకుండా మాట్లాడించమని అడగండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు" అని స్పష్టంగా చెప్పండి, లేదంటే ఇండియన్ అనగానే హిందీవాళ్ళని కలిపేస్తారు.

మన తెలుగువాళ్ళలో ఇది లేదు కదా?

ఉందో లేదో చెప్పే లెక్కే లేదు. అమెరికా గణాంకాల్లో చైనావాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, వియత్నాంవాళ్ళు, మనం అందరం కలిపి "ఏషియన్" అనే ఒక్క డబ్బాలో ఉంటాం. మొత్తం మీద ఏషియన్లలో కేసులు తక్కువే. తక్కువ కాబట్టి డాక్టర్ అడగడు, పెళ్ళయింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మర్యాదస్తుడు అనుకుని కొలెస్ట్రాల్, షుగర్ రాసి పంపేస్తాడు. మనం అడగం. అలా జ్వరాలు, బరువు తగ్గడం, న్యుమోనియా వచ్చాక బయటపడుతుంది. 13 నుంచి 64 ఏళ్ళ మధ్య ప్రతి ఒక్కరికీ కనీసం ఒక్కసారి మామూలు రక్తపరీక్షల్లో భాగంగా చేయాలని సీడీసీ 2006లోనే చెప్పింది. కాబట్టి ఏడాదికోసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు "హెచ్‌ఐవీ కూడా కలపండి" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు.

పెళ్ళి ఒత్తిడిలో ఉన్న స్వలింగ సంపర్కులు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాళ్ళు కొంతమంది రెండు రకాలుగా దాక్కుంటారు, తెలుగు ఫ్రెండ్స్ దగ్గర ఆ సంగతి దాస్తారు, బయట వీసా టెన్షన్. వాళ్ళకి యూనివర్సిటీ హెల్త్ సెంటర్ మంచి చోటు. ప్రెప్ కూడా అక్కడే అడగొచ్చు.

మందులు వాడితే పెళ్ళి చేసుకోవచ్చా? పిల్లల్ని కనొచ్చా?

చేసుకోవచ్చు, కనొచ్చు. వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి అలాగే ఉంటే లైంగికంగా ఎదుటివాళ్ళకి సోకదు. పార్ట్‌నర్ పేరుతో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల్లో వేల సంఖ్యలో కండోమ్ లేని కలయికల్ని లెక్కపెట్టారు, మందులు వాడుతూ వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. గర్భంతో ఉన్నప్పుడు మందులు సరిగ్గా వాడితే బిడ్డకి సోకే అవకాశం ఒక శాతం కంటే తక్కువ. కాబోయేవాళ్ళకి పెళ్ళికి ముందే చెప్పండి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మందు ఖరీదు అంత ఎందుకు? హైదరాబాద్‌లోనే తయారవుతుంది కదా?

అవుతుంది. హెటెరో, అరబిందో, లారస్ లాంటి హైదరాబాద్ కంపెనీలు హెచ్‌ఐవీ మందుల్ని ప్రపంచమంతటికీ పంపిస్తాయి, ఆఫ్రికాలో లక్షల మంది వేసుకునేది మన దగ్గర చేసిన మాత్రలే. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన టీఎల్‌డీ మాత్రలు పేద దేశాలకి ఏడాదికి మనిషికి 45 డాలర్ల లోపే ఇస్తున్నారు. అమెరికాలో బాగా వాడే పేటెంట్ మాత్ర బిక్టార్వీ ధర నెలకే నాలుగు వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. ఆరు నెలలకోసారి వేసుకునే లెనకపవిర్ ఇంజెక్షన్‌ని రాకుండా ఆపే మందుగా 2025 జూన్‌లో అమెరికాలో అనుమతించారు, ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైనే. అదే మందు జెనరిక్‌ని డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి 120 పేద, మధ్యాదాయ దేశాలకి ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామని ప్రకటించాయి. ఆ జాబితాలో అమెరికా లేదు, అక్కడి పేదవాడు ఏ దేశపు పేదవాడి లెక్కలోకీ రాడు.

మా అమ్మానాన్న విజిట్‌కి వస్తున్నారు, నాన్నకి మందులున్నాయి. ఎలా తేవాలి?

ఇండియాలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ప్రయాణం సంగతి ముందే చెబితే, ఆరోగ్యం నిలకడగా ఉంటే, ఎక్కువ నెలలకి మందులిచ్చే వీలుంటుంది. డబ్బాల్లోంచి తీసి కవర్లలో పోయకండి. డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌తో, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. సొంత వాడకానికి 90 రోజులకి మించకుండా ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. విజిటర్ ఇన్సూరెన్స్ మాత్రం ముందునుంచీ ఉన్న జబ్బుకి సాధారణంగా కట్టదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

అన్ని దేశాలూ ఇలాగేనా?

కాదు. ఇంగ్లండ్‌లో 2012 అక్టోబర్ 1 నుంచి ఎవరికైనా, వీసా ఉన్నా లేకున్నా, హెచ్‌ఐవీ వైద్యం ఉచితం. ఉచితం చేస్తే ప్రపంచమంతా వచ్చిపడుతుందని అప్పట్లో భయపెట్టారు, అలాంటిదేమీ జరగలేదు.

గల్ఫ్‌కి పోదామనుకుంటున్నా, పాజిటివ్ వచ్చింది. ఏం చేయాలి?

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి పోయే అన్నలకైనా, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే అక్కలకైనా కష్టమైన జవాబే చెప్పాలి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ పని వీసాకి హెచ్‌ఐవీ టెస్ట్ పెడతాయి, పాజిటివ్ అయితే మెడికల్ అన్‌ఫిట్. వైరల్ లోడ్ దొరకనంత తగ్గిందని చూపినా ఒప్పుకోరు. వేరే సెంటర్‌లో మేనేజ్ చేస్తానని ఏజెంట్ డబ్బడిగితే ఇవ్వకండి. అక్కడ దిగాక రెసిడెన్స్ కార్డు కోసం మళ్ళీ టెస్ట్ చేస్తారు, దొరికితే తిప్పి పంపేస్తారు, తెచ్చిన అప్పు అలాగే మిగులుతుంది. అక్కడే పాజిటివ్ అని తేలి వచ్చినవాళ్ళలో చాలామందికి రిపోర్టు కాగితం కూడా చేతికివ్వరు, ఊళ్ళో "పని నచ్చలేదు" అని చెప్పుకుని నెలల తరబడి ఇంట్లో కూర్చుంటారు, రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల లెక్క పడిపోయేది అప్పుడే.

వచ్చిన వారంలోనే జిల్లా ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ టెస్ట్ చేయించుకోండి. గల్ఫ్ రిపోర్టు లేకపోయినా ఫర్వాలేదు. ఏఆర్‌టీ మందులు, వైరల్ లోడ్ పరీక్ష ప్రభుత్వ సెంటర్లలో ఉచితం, దారి తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి. సొంత ఊరి సెంటర్‌కి పోవడం ఇష్టం లేకపోతే పక్క జిల్లాలో నమోదు చేయించుకోవచ్చు, తర్వాత ముంబైకో సూరత్‌కో పనికి పోతే ట్రాన్స్‌ఫర్ రాయించుకుని అక్కడే మందులు తీసుకోవచ్చు. మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయడం, విషయం బయటపెట్టడం, పనిలోంచి తీసేయడం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం కింద తప్పు. గల్ఫ్ మెడికల్ చేసే సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నా అది ఈ చట్టం కిందికే వస్తుంది, "అన్‌ఫిట్" అని ముద్ర కొట్టి పంపేస్తే వాళ్ళ బాధ్యత తీరదు, కౌన్సెలింగ్ అడగండి, రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి.